అల్ట్రా మారథాన్‌లో తిండి లెక్క: సీమ ఎండలో కడుపు ఎంత పట్టగలదు?

క్లుప్తంగా

42.195 కిలోమీటర్లు దాటిన ప్రతి పరుగూ అల్ట్రా మారథానే. ఆ దూరాల్లో ఒంట్లోని కొవ్వు అయిపోదు. కరువయ్యేది పిండిపదార్థం. పరుగు మధ్యలో దాన్ని భర్తీ చేయడానికి పేగు ఒక్కటే దారి, ఎండ ముదిరేకొద్దీ ఆ దారి ఇరుకవుతుంది. అందుకే అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో పరిగెత్తేవారి ప్రణాళిక "గంటకు ఇన్ని గ్రాములు" అనే ఒకే అంకె మీద నిలవదు. చల్లటి గంటల్లో ఎక్కువ, ఎండ గంటల్లో తక్కువ తినేలా వేసుకోవాలి. అందుకు కావలసిన సరుకులో చాలా భాగం ఇక్కడి కిరాణా కొట్లోనే దొరుకుతుంది, తూకం మాత్రం తప్పకూడదు.

సలహాలు ఎందుకు తలోదారి పడుతున్నాయి

మారథాన్ వరకు తిండి పెద్ద చిక్కు కాదు. ముందురోజు కడుపునిండా అన్నం, దారిలో చిన్న పొట్లాల్లో దొరికే తియ్యటి పాకం లాంటి రెండు మూడు జెల్‌లు, నీళ్లు. నాలుగైదు గంటల్లో పని అయిపోతుంది. అదే రన్నరు 50 కిలోమీటర్లకో, 100 కిలోమీటర్లకో పేరిచ్చిన రోజు నుంచి వినిపించే మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. కొండ, అడవి దారుల్లో పరిగెత్తే పైస్థాయి ట్రెయిల్ రన్నర్లు గంటకు 100 గ్రాములకు పైగా పిండిపదార్థం తీసుకుంటున్నారని ఒక వీడియో చెబుతుంది. అన్నం, చక్కెర మానేసి ఒంటిని కొవ్వు మీద నడిచేలా మార్చుకోవాలని ఇంకొకటి చెబుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు రాగి సంగటి తిని పొమ్మంటారు.

ఓఆర్‌ఎస్ గందరగోళం దీనికి తోడైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో "ఓఆర్‌ఎస్" అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దీని వెనుక ఉంది. అప్పటిదాకా టెట్రాప్యాక్ పానీయాన్నే ఓఆర్‌ఎస్ అనుకుని పరుగుల్లో తాగినవారికి, ఇప్పుడు ఏది ఎందుకు తాగాలో తేలడం లేదు.

ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ స్పోర్ట్స్ న్యూట్రిషన్ 2019లో అల్ట్రా పరుగుల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు 150 నుంచి 400 కేలరీలు, 30 నుంచి 50 గ్రాముల పిండిపదార్థం, 5 నుంచి 10 గ్రాముల ప్రోటీన్, 450 నుంచి 750 మిల్లీలీటర్ల ద్రవం అంటాయి. కేలరీల్లో కింది అంకెకూ పై అంకెకూ మధ్య రెండున్నర రెట్లకు పైగా తేడా ఉంది. ఆ తేడాలో ఎవరు ఎక్కడ నిలబడాలో వారి వేగం, ఆ రోజు ఎండ, కడుపుకు ఉన్న అలవాటు తేలుస్తాయి.

నిల్వ ఎంత, ఖర్చు ఎంత

పరుగు ఖర్చుకు మోటు లెక్క ఒకటుంది: కిలో బరువుకు, కిలోమీటరుకు ఒక కేలరీ. 60 కిలోల మనిషి 100 కిలోమీటర్లకు దాదాపు 6,000 కేలరీలు ఖర్చు చేస్తాడు. ఎత్తులుంటే ఇంకా ఎక్కువ.

కండరాల్లో 300 నుంచి 500 గ్రాముల వరకు, కాలేయంలో మరో 80 నుంచి 100 గ్రాముల వరకు గ్లైకోజన్, అంటే నిల్వ చేసుకున్న పిండిపదార్థం, ఉంటుంది. గ్రాముకు 4 కేలరీల చొప్పున మొత్తం 2,000 కేలరీల అటూ ఇటూ. కొవ్వు సంగతి వేరు. ఒంట్లో 12 శాతం కొవ్వున్న బక్కపలచటి 60 కిలోల రన్నరు దగ్గర కూడా ఏడు కిలోలకు పైగా, అంటే 60,000 కేలరీలు దాటిన నిల్వ ఉంటుంది. మరి ఇంత కొవ్వు ఉండగా దారిలో తినడం దేనికి? కొవ్వు కరిగే వేగానికి ఒక పరిమితి ఉంది, మెదడు ప్రధానంగా గ్లూకోజు మీదే నడుస్తుంది. అందుకే.

గంటకు 8 కిలోమీటర్ల వేగం తీసుకుందాం. 60 కిలోల రన్నరుకు గంట ఖర్చు 480 కేలరీలు. ఈ నెమ్మది వేగంలో సగం కొవ్వు నుంచి వచ్చిందనుకుంటే మిగతా 240 కేలరీలకు 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. గంటకు 45 గ్రాములు తింటే నిల్వ నుంచి 15 గ్రాములే పోతాయి. పన్నెండున్నర గంటల 100 కిలోమీటర్లకు మొత్తం 190 గ్రాముల లోపు, ఇది ఒళ్లు తట్టుకుంటుంది. గంటకు 20 గ్రాములతో సరిపెట్టుకుంటే నిల్వ నుంచి 40 గ్రాములు పోతాయి. వాడుకోగల నిల్వ 400 గ్రాములనుకుంటే పదో గంటకు, అంటే 80వ కిలోమీటరు దగ్గర ఖాళీ అవుతుంది. కాళ్లు సీసం పోసినట్టవడం, కారణం లేకుండా ఏడుపు, చిరాకు రావడం, చిన్న కూడిక కూడా చేయలేకపోవడం ఆ ఖాళీకి గుర్తులు.

కొవ్వు మీద నడిచే పద్ధతిలో నిజం లేకపోలేదు. పిండిపదార్థం బాగా తగ్గించి తినే అల్ట్రా రన్నర్లు నిమిషానికి సగటున ఒకటిన్నర గ్రాముల దాకా కొవ్వు ఖర్చు చేయగలరని 2016లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూపింది. మామూలుగా తినేవారితో పోలిస్తే అది రెట్టింపు కన్నా ఎక్కువ. అయితే కొవ్వు నుంచి అంతే శక్తి రాబట్టడానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, వేగం పెంచేటప్పుడు ఆ లోటు తెలుస్తుంది. అన్నం మీద పెరిగిన ఒంటిని రేసుకు నెల ముందు ఆ దారిలోకి తిప్పాలనుకోవడం మాత్రం చేటే.

అసలు ఇరుకు పేగులో ఉంది

నోటితో ఎంతైనా తినొచ్చు, రక్తంలోకి చేరేది మాత్రం పేగు గోడ దాటిందే. గ్లూకోజును లోపలికి తీసుకెళ్లే వాహకాలు గంటకు సుమారు 60 గ్రాముల దగ్గర నిండిపోతాయి. ఫ్రక్టోజుకు వేరే వాహకాలు ఉన్నాయి. రెండూ కలిపి తీసుకుంటే 90 గ్రాముల దాకా పోతుంది. ఖరీదైన జెల్‌ల పొట్లం మీద కనిపించే "రెండింటికి ఒకటి" వంటి నిష్పత్తుల అర్థం ఇదే. చక్కెర అణువు విరిగితే సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. బెల్లంలోనూ అధిక భాగం అదే చక్కెర. కాబట్టి బెల్లం నీళ్లు ఆ రెండు దారులనూ వాటంతట అవే వాడుకుంటాయి. గ్లూకోజు పొడి ఒక్కటే కలుపుకుని గంటకు 80 గ్రాములు తాగితే 20 గ్రాములు పేగులోనే ఉండిపోయి నీళ్లను లాక్కుంటాయి. ఉబ్బరం, పొట్టలో నీళ్లు కదిలే చప్పుడు, చివరికి విరేచనాలు.

చిక్కదనం కూడా ముఖ్యమే. లీటరు నీళ్లలో 100 గ్రాముల గ్లూకోజు కలిపితే ఆ ద్రావణం గాఢత రక్తం గాఢతకు రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. అది పల్చబడేదాకా ఒంట్లోని నీరే పేగులోకి వస్తుంది. దాహం తీరడానికి తాగింది దాహాన్ని పెంచుతుంది. జెల్ నోట్లో పెట్టుకుని దాని మీద తియ్యటి పానీయం తాగితే జరిగేది కూడా ఇదే. జెల్ మీద ఉత్త నీళ్లే తాగాలి.

వీటన్నిటికన్నా పెద్ద కారణం రక్తం. పరిగెత్తేటప్పుడు రక్తం కండరాలకు మళ్లుతుంది, ఎండలో చల్లబడటానికి చర్మానికీ మళ్లుతుంది. కోత పడేది జీర్ణకోశానికే. గట్టిగా శ్రమిస్తే పేగులకు అందే రక్తం విశ్రాంతిలో ఉన్నప్పటికంటే 80 శాతం దాకా తగ్గవచ్చు. దానికి తోడు ఒళ్లు ఎండిపోతే కడుపు ఖాళీ అయ్యే వేగమూ పడిపోతుంది. వంద మైళ్ల రేసుల్లో మధ్యలో విరమించుకున్నవారు చెప్పే కారణాల్లో వికారం, వాంతులు ముందు వరుసలో ఉండటం అందుకే.

మహాశివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నల్లమల గుండా శ్రీశైలం నడిచి వెళ్లే భక్తులను చూస్తే ఈ సూత్రం స్పష్టమవుతుంది. నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగే ఆ నడకలో అన్నదాన శిబిరం దగ్గర కడుపునిండా భోంచేసి, కాసేపు కూర్చుని, మళ్లీ బయలుదేరినా వారిలో చాలామందికి వాంతి రాదు. గంటకు నాలుగు కిలోమీటర్ల నడకలో పేగులకు రక్తం అందుతూనే ఉంటుంది. అదే భోజనం గంటకు 8 కిలోమీటర్ల పరుగులో నిలవదు. అల్ట్రాలో నడిచే భాగాలను తినడానికి వాడుకోవాలనడం ఇందుకే. ఎత్తు ఎక్కేటప్పుడు నడక తప్పదు కదా అని అక్కడే గట్టి తిండి తినేస్తుంటారు, కానీ ఎక్కేటప్పుడు గుండె వేగం తగ్గదు. ఎత్తు అయిపోయాక చదునులో రెండు నిమిషాలు నడుస్తూ తినడం మేలు.

చెమట, ఉప్పు, నీళ్లు

అనంతపురం గాలి పొడిగా ఉంటుంది. చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి చొక్కా తడవదు, పోయిన నీరు కంటికి కనిపించదు. టోపీ అంచున, వీపు మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. తీరప్రాంతంలో అదే వేగంతో పరిగెత్తినవాడు నిలువునా తడిసి తన నష్టాన్ని ఎక్కువగా ఊహించుకుంటాడు. సీమలో తక్కువగా ఊహించుకుంటారు.

ఊహలతో పని లేకుండా కొలుచుకునే పద్ధతి తేలిక. రేసు వేగంతో, రేసు జరిగే వేళలో ఒక గంట పరిగెత్తాలి. ముందు మూత్రానికి వెళ్లి, బట్టలు లేకుండా బరువు చూసుకోవాలి. వచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడాలి. ముందు 62.0, తరువాత 61.1, మధ్యలో తాగింది 400 మిల్లీలీటర్లు అయితే చెమట గంటకు 1.3 లీటర్లు. ఇదే పరీక్ష తెల్లవారుజామున ఒకసారి, ఉదయం పదకొండు గంటలకు ఒకసారి చేస్తే రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. ప్రణాళికకు రెండూ కావాలి.

1.3 లీటర్లు పోతే 1.3 లీటర్లు తాగాలనుకోవడం సహజం. పరుగులో చాలామందికి గంటకు 800 మిల్లీలీటర్లు దాటితే కడుపు ఖాళీ చేయలేదు. మిగతా తేడాను వేగం తగ్గించి, తల మీద నీళ్లు పోసుకుని, మెడకు తడిగుడ్డ చుట్టుకుని పూడ్చాలి. రేసు ముగిసేసరికి బరువు 2 నుంచి 4 శాతం తగ్గడం మామూలే, అందులో కరిగిన ఇంధనం బరువూ ఉంటుంది. బరువు పెరిగితే మాత్రం ప్రమాదం.

ఎందుకంటే అతిగా తాగడం ప్రాణం తీయగలదు. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్‌ల కంటే తగ్గడాన్ని హైపోనట్రీమియా అంటారు. ఎక్కువసేపు శ్రమించినప్పుడు మూత్రాన్ని ఆపే హార్మోను పైకి పోయి ఉంటుంది. తాగిన నీరు బయటికి పోక రక్తం పల్చబడుతుంది, మెదడు కణాలు ఉబ్బుతాయి. దక్షిణాఫ్రికాలోని సుదూర పరుగుల్లో ఇలాంటి కేసులను క్రీడా వైద్య పరిశోధకుడు టిమ్ నోక్స్ బృందం 1985లో వైద్య లోకం ముందు పెట్టింది. అప్పటిదాకా ఎంత తాగితే అంత మంచిదన్నదే సలహా. ఉప్పు బిళ్లలు మింగుతూ అతిగా తాగినా ఈ ప్రమాదం తప్పదు. ప్రధాన కారణం ఉప్పు తగ్గడం కాదు, నీరు ఎక్కువవడం.

లీటరు చెమటలో సోడియం 200 మిల్లీగ్రాముల నుంచి 2,000 దాకా మనిషిని బట్టి మారుతుంది. పోయినదంతా పెట్టనక్కర్లేదు. తాగే ప్రతి లీటరులో సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటే చాలామందికి సరిపోతుంది. చారలు దట్టంగా కట్టేవారు 1,000 దాకా పెంచుకోవచ్చు. గ్రాము ఉప్పులో సోడియం దాదాపు 390 మిల్లీగ్రాములే, కాబట్టి 600కు ఒకటిన్నర గ్రాముల ఉప్పు, అంటే పావు టీస్పూను. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బులున్నవారు ఈ అంకెలను తమ వైద్యుడికి చూపించకుండా వాడకూడదు.

సీసాలో ఏముంది

అసలైన ఓఆర్‌ఎస్ లీటరులో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. సోడియం 1,700 మిల్లీగ్రాములు దాటుతుంది. విరేచనాలకు అది అద్భుతమైన మందు. ఇంధనంగా చూస్తే లీటరుకు 54 కేలరీలే. రోజంతా దాని మీదే ఆధారపడితే నీరసించక తప్పదు. లీటరు పొడిని అర లీటరులో కలపడం తరచూ కనిపించే తప్పు, అది వాంతి తెప్పిస్తుంది. 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లాలూ అమ్ముతారు, పొట్లం మీది కొలత చూసి కలపాలి. ఉప్పు ఎక్కువ పోయేవారు మూడు నాలుగు గంటలకొకసారి ఒక 200 మిల్లీలీటర్లు మధ్యలో పెట్టుకుంటే దాని మేలు దక్కుతుంది. ఓఆర్‌ఎస్ పేరు పోగొట్టుకున్న తియ్యటి టెట్రాప్యాక్‌ల లెక్క తలకిందులు: చక్కెర దండి, సోడియం తక్కువ.

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చక్కెర కూడా తక్కువే. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. పరుగు అయ్యాక తాగడానికి కొబ్బరినీళ్లకు పేరు పెట్టనక్కర్లేదు గానీ, పరుగు మధ్యలో వాటి మీదే నడవడం కుదరదు.

శ్రీరామనవమి పానకమే ఈ పనికి దాదాపు సరిపోతుంది, కొలత పెడితే చాలు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, 60 గ్రాముల బెల్లం, ఒకటిన్నర గ్రాముల ఉప్పు, అర నిమ్మకాయ రసం, చిటికెడు శొంఠి. ఇందులో 55 గ్రాముల పిండిపదార్థం, 600 మిల్లీగ్రాముల సోడియం వస్తాయి, గాఢత రక్తం కంటే కాస్త తక్కువే ఉంటుంది. మిరియాలు వద్దు, ఎనిమిదో గంటలో గొంతు మండిస్తాయి. బెల్లంలో మడ్డి, చెరకు పిప్పి ఉంటాయి కాబట్టి పల్చటి గుడ్డతో వడకట్టకపోతే సీసా మూతి పూడుకుపోతుంది. పొద్దున కలిపింది మధ్యాహ్నానికి పులుస్తుంది. బెల్లం, ఉప్పు కలిపిన పొడిని పొట్లాలుగా కట్టి, సీసా నింపే చోట కలుపుకోవడమే సరైన పద్ధతి. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి ఇంట్లో ఉంటే ఈ పొట్లాలు చెంచా అంచనాల మీద ఆధారపడవు.

సంగటి మంచిదే, రేసు ముందు కాదు

రాగులు, జొన్నల్లో పీచు వంద గ్రాములకు 10, 11 గ్రాములు. తెల్లబియ్యంలో 3 గ్రాముల లోపే. ఏడాదంతా ఒంటికి మేలు చేసే ఆ పీచే రేసు రోజు పేగులో బరువై కూర్చుంటుంది. చివరి రెండు రోజులు సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, ఆకుకూర పప్పు తగ్గించి తెల్లన్నానికి రావాలి. సాధన నెలల్లో సంగటి మానాల్సిన పనేమీ లేదు, సాధన లేని రోజుల్లో అంతకన్నా మంచి తిండి దొరకడం కష్టం.

చివరి 36 నుంచి 48 గంటల్లో కిలో బరువుకు రోజుకు 8 నుంచి 10 గ్రాముల పిండిపదార్థం లక్ష్యం. 60 కిలోల మనిషికి రోజుకు 500 గ్రాములంటే: 350 గ్రాముల బియ్యం రెండు పూటల అన్నంగా, ఐదు ఇడ్లీలు, మూడు అరటిపండ్లు, 60 గ్రాముల బెల్లమో చక్కెరో, అర లీటరు చీనీ (బత్తాయి) రసం. ఒక్క పూటలో కూరేస్తే రాత్రి నిద్ర పట్టదు. ముందురోజు మధ్యాహ్నం భోజనమే పెద్దది, రాత్రిది చిన్నది. గ్రాము గ్లైకోజన్‌తో దాదాపు మూడు గ్రాముల నీరు కూడా నిల్వ అవుతుంది, కాబట్టి బరువు కిలో దాకా పెరిగితే కంగారు పడనక్కర్లేదు.

దారిలో తినే వాటిలో అరటిపండుకు 25 గ్రాములు, చిన్న ఖర్జూరానికి 5, 6 గ్రాములు, ఇడ్లీకి 10, 11 గ్రాములు, ఉడికించి ఉప్పు చల్లిన ఉర్లగడ్డ (బంగాళాదుంప) 150 గ్రాములకు 28 గ్రాముల దాకా పిండిపదార్థం. మామూలు జెల్ ఒకటి 20 నుంచి 25 గ్రాములు, అంటే ఒక అరటిపండు. జెల్‌కు ఉన్న నిజమైన లాభం మోయడంలోనే: జేబులో నలగదు, ఎండకు పాడవదు. జమ్మలమడుగు నుంచి గండికోట దాకా పదిహేను కిలోమీటర్ల వంటి, అంగళ్లు అంతంతమాత్రంగా ఉండే దారుల్లో అది చిన్న లాభం కాదు. చెనిక్కాయల చిక్కీ మాత్రం చూడ్డానికే శక్తి. నూనెగింజ కాబట్టి కడుపులో ఆలస్యం చేస్తుంది. చల్లటి గంటల్లో ఒక ముక్క పర్వాలేదు, ఎండలో వద్దు. మరమరాల ఉగ్గాని బాగా పనికొస్తుంది, నూనె తగ్గించి, బజ్జీ లేకుండా.

ఒక రోజు ప్రణాళిక

జనవరిలో అనంతపురం వంటి చోట తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు, మధ్యాహ్నం 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. నాలుగున్నరకు మొదలయ్యే 100 కిలోమీటర్ల పరుగు, 60 కిలోల రన్నరు అనుకుందాం. రెండు, రెండున్నర మధ్య ఐదు ఇడ్లీలు చక్కెరతో, ఒక అరటిపండు, అలవాటుంటే కాఫీ. చెనిక్కాయల చట్నీ ఆ రోజుకు వదిలేయాలి.

మొదటి అరగంట ఏమీ అక్కర్లేదు. తరువాత తొమ్మిది దాకా గంటకు 60 గ్రాములు: ప్రతి ఇరవై నిమిషాలకు సగం అరటిపండు, 150 మిల్లీలీటర్ల పానకం. ఆకలి లేదని ఈ గంటల్లో తినకపోవడమే అల్ట్రాలో అత్యంత ఖరీదైన పొరపాటు. పేగుకు రక్తం బాగా అందేది అప్పుడే. తొమ్మిది నుంచి నాలుగు దాకా గంటకు 40 గ్రాములు చాలు, అదీ ద్రవంగా: 700 నుంచి 750 మిల్లీలీటర్ల పానకం గుక్కగుక్కగా. నమలాలనిపిస్తే చీనీ తొనలు. ఐసు దొరికితే సీసాలో కొంత, టోపీలో కొంత. నాలుగు దాటాక మళ్లీ 50 గ్రాములు, ఈసారి ఉప్పగా. పన్నెండు గంటలు తీపి తిన్న నాలుక ఇంక బెల్లం ముట్టదు. ఉర్లగడ్డ, రెండు పిడికిళ్ల ఉగ్గాని, అప్పుడే కలిపిన పెరుగన్నం. ప్రోటీన్ కూడా ఆ పెరుగులోంచి కొంత దొరుకుతుంది. సాయంత్రం ఏడుకు ముగిస్తే, మొత్తం పద్నాలుగున్నర గంటల్లో దాదాపు 670 గ్రాములు, సగటు గంటకు 46. గంట గంటకూ 46 తినాలని పట్టుబట్టినవారికి కూడా కాగితం మీద అంతే వస్తుంది. తేడా మధ్యాహ్నం పన్నెండుకు కడుపులో కనిపిస్తుంది.

దేన్నీ రేసు రోజు మొదటిసారి తినకూడదు. పేగు కూడా సాధనతో మారుతుంది. రెండు వారాల పాటు పరుగులో గంటకు 90 గ్రాములు తినిపిస్తే కడుపు ఇబ్బందులు తగ్గినట్టు ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో చూపారు. ఆచరణలో ఎనిమిది వారాల ముందు నుంచి వారానికొక పొడవాటి పరుగులో గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకొకసారి పది గ్రాములు పెంచుకుంటే చాలు. ఆ పరుగుల్లో కొన్నైనా ఎండలో జరగాలి. దక్షిణాఫ్రికా కామ్రేడ్స్ వంటి జూన్ రేసులకు సిద్ధమయ్యేవారికి ఇక్కడ ఏప్రిల్, మే నెలలే సాధన కాలం. ఆ 40 డిగ్రీల్లో కుదిరిన అంకె అక్కడి చలికాలానికి తక్కువ అంకె అవుతుంది. చిక్కమగళూరు కాఫీ తోటల్లో జరిగే మల్నాడ్ అల్ట్రాకు వెళ్లేవారూ తమ వేసవి అంకెను యథాతథంగా తీసుకెళ్లకూడదు.

కడుపు మొరాయిస్తే

వికారం మొదలవగానే తినడం ఆపేసి వేగం అలాగే ఉంచడం చాలామంది చేసేది. చేయాల్సింది అందుకు విరుద్ధం. ముందు వేగం తగ్గాలి, నడకకు వచ్చేసినా మంచిదే. నీడ, తల మీద నీళ్లు. పదిహేను, ఇరవై నిమిషాలు నోట్లో ఏమీ పెట్టకుండా, తరువాత రెండు గుక్కల ఉత్త నీళ్లు. అవి నిలిస్తే ఉప్పు బిస్కెట్టో, పల్చటి పానకమో కొద్దికొద్దిగా. వాంతి అయితే చాలాసార్లు ఊరటే, ఆ తరువాత అరగంటలో మళ్లీ తినగలుగుతారు. కడుపు ఉబ్బి, వేళ్లు లావెక్కి, ఉంగరం బిగుసుకుని, తలనొప్పి వస్తుంటే నీళ్లు తక్కువయ్యాయని కాదు, ఎక్కువయ్యాయని అనుమానించాలి. పిక్కలు పట్టేయడాన్ని ఉప్పు ఖాతాలో వేయడం పాత అలవాటు. చాలావరకు అది కండరం అలసట, వేగం తగ్గిస్తే తగ్గుతుంది.

నొప్పి మాత్రల జోలికి పోకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో 80 కిలోమీటర్ల పరుగులో ఐబుప్రొఫెన్ వేసుకున్నవారిలో 52 శాతం మందికి, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవారిలో 34 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. పాల్గొన్నవారు తక్కువ కాబట్టి అదే చివరి మాట కాదు. మాత్ర లేకుండానే మూడింట ఒక వంతు మందికి ఆ స్థితి రావడం మాత్రం గట్టి హెచ్చరిక.

చివరగా వెంట ఉండే సహాయకులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. రన్నరు కుప్పకూలితే "గ్లూకోజు ఎక్కించండి" అనడం మన దగ్గర ఊతపదం. సోడియం పడిపోయిన మనిషికి ఆ గ్లూకోజు (డెక్స్ట్రోజ్) సీసా ఎక్కిస్తే మెదడు వాపు పెరుగుతుంది. అలాంటివారికి కావలసింది 3 శాతం సెలైన్, దానికి ముందు రక్తంలో సోడియం పరీక్ష. మాటలు తడబడుతున్నా, మనిషిని గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. మూత్రం కోలా రంగులో వచ్చినా, గంటల తరబడి రాకపోయినా అంతే. డాక్టరుకు మొదట చెప్పాల్సినవి: ఎన్ని గంటలు పరిగెత్తారు, ఎన్ని లీటర్లు తాగారు, పరుగుకు ముందు బరువెంత, ఏమైనా మాత్రలు వేసుకున్నారా. ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసి, నొప్పి మాత్రల పేర్లు ఉంటే అవీ చేర్చి, సహాయకుడి జేబులో ఉంచాలి. సీసా నింపిన ప్రతిసారీ ఆ చీటీలో ఒక గీత పెడితే తాగిన లెక్క తప్పదు.